పిడుదులు కుక్క మీద కన్నా గోడల్లోనే ఎక్కువ

వానలు మొదలయ్యాయంటే చాలు, కుక్కలు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "పిడుదులు పోవట్లేదండీ, ఏ షాంపూ మంచిది?" ఒకరు షాంపూ పేరు చెబుతారు, ఇంకొకరు వేపనూనె రాయమంటారు, వేరొకరు గేదెలకు కొట్టే మందు బకెట్‌కు ఎన్ని మూతలో లెక్క చెబుతారు. ఇల్లు ఎలా ఉంటుంది, కుక్క ఎక్కడ పడుకుంటుంది అని అడిగేవాళ్లు మాత్రం ఉండరు. మొదట అడగాల్సింది అదే.

మన దగ్గర కుక్కలకు పట్టే పిడుదుల్లో (కొన్ని చోట్ల గోమార్లంటారు) ఎక్కువ భాగం బ్రౌన్ డాగ్ టిక్ అనే జాతి. ఇంటర్నెట్‌లో దొరికే అమెరికా సలహాలు చాలావరకు గడ్డిలో, అడవి దారుల్లో కాచుకుని ఉండే వేరే పిడుదుల గురించి రాసినవి. "గడ్డి కత్తిరించండి, లైమ్ జబ్బుతో (ఆ పిడుదుల కాటుతో వచ్చే జబ్బు) జాగ్రత్త" అనే మాటలు అక్కడివే. మన పిడుదుకు గడ్డి అక్కర్లేదు. నాలుగు గోడలు, ఒక కుక్క ఉంటే గుడ్డు నుంచి గుడ్డు దాకా జీవితమంతా ఇంట్లోనే వెళ్లదీస్తుంది. అందుకే మూడో అంతస్తు ఫ్లాట్ దాటని షిట్జూ కుక్కకి కూడా పట్టుకుంటుంది. లిఫ్టులో ఎక్కిన వేరే కుక్క నుంచో, గ్రూమింగ్ సెంటర్ నుంచో ఒక్క ఆడ పిడుదు వస్తే సరిపోతుంది.

ఆ ఒక్కటి ఏం చేస్తుందో చూడండి. వారం, కొన్నిసార్లు అంతకన్నా ఎక్కువ రోజులు కుక్కను పట్టుకుని రక్తం తాగి, బూడిద రంగు ఆముదపు గింజలా ఉబ్బి రాలిపోతుంది. నేల మీద ఉండదు, గోడెక్కుతుంది. ఈ జాతికి పైకి పాకే గుణం ఉంది. ద్వారబంధానికీ గోడకీ మధ్య సందులో, స్విచ్‌బోర్డు వెనక, పెల్మెట్ మూలలో, కర్టెన్ మడతలో దూరుతుంది. కొన్ని రోజులకు గుడ్లు పెట్టడం మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో 4,000 దాకా పెట్టి చచ్చిపోతుంది. అవి పొదిగితే వచ్చే పిల్లలకు ఆరు కాళ్లు, ఒంటి పొడవు అర మిల్లీమీటరు. గోడ మీద గోధుమ రంగు దుమ్ము కదులుతున్నట్టు అనిపిస్తే అవే. ఆ పిల్లలు కుక్కనెక్కి తాగి మళ్లీ రాలతాయి, సందుల్లో కుబుసం విడిచి ఎనిమిది కాళ్లతో వస్తాయి. ఇంకోసారి ఎక్కి, తాగి, రాలి, కుబుసం విడిచి పెద్దవవుతాయి. అంటే మూడుసార్లు ఎక్కడం, మూడుసార్లు దిగడం. ఒక్కో దఫా కుక్క మీద ఉండేది కొన్ని రోజులే, మిగతా కాలమంతా గోడల్లోనే. మన వేడిలో ఈ చక్రం సుమారు రెండు మూడు నెలల్లో తిరుగుతుంది. తిండి దొరక్కపోయినా పెద్ద పిడుదు నెలల తరబడి బతికే ఉంటుంది.

షాంపూతో ఎందుకు పోవో దీన్నిబట్టే తెలుస్తుంది. స్నానం చేయిస్తే ఆ రోజు కుక్క మీదున్నవి కొన్ని చస్తాయి. గోడలో ఉన్నవాటికి ఆ సంగతే తెలియదు. వారానికి మళ్లీ ఎక్కుతాయి. అందుకని కుక్కకూ ఇంటికీ ఒకేసారి మొదలుపెట్టి, కనీసం మూడు నెలలు ఆపకుండా చేయాలి. రెండింట్లో ఒకటే చేస్తే డబ్బు దండగ.

ముందు కుక్క సంగతి.

ఇప్పుడున్న మందుల్లో పిడుదుల మీద బాగా పనిచేసేవి నోటి ద్వారా ఇచ్చే చ్యూ టాబ్లెట్లు. ఆఫోక్సోలానర్ (నెక్స్‌గార్డ్) నెలకొకటి, సారోలానర్ (సింపారికా) దాదాపు ఐదు వారాలకొకటి, ఫ్లూరలానర్ (బ్రావెక్టో) సుమారు 12 వారాలకొకటి. బ్రావెక్టో అన్నం తినిపించాక ఇస్తేనే ఒంటికి బాగా పడుతుంది. వీటి మీద వచ్చే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "మాత్ర వేశాం, అయినా పిడుదులు కనిపిస్తున్నాయి." కనిపిస్తాయి. ఈ మందు ఉండేది రక్తంలో, పిడుదును దూరంగా తరమదు. అది ఎక్కి కరిచి తాగాక చస్తుంది, అందుకు ఒకటి రెండు రోజులు పట్టొచ్చు. మాత్ర వేసిన వారం తర్వాత కూడా చిన్నవి, ఎండి ముడుచుకుపోయినవి కనిపిస్తే మందు పనిచేస్తున్నట్టే లెక్క. తాగి ఉబ్బినవి కనిపిస్తే మాత్రం ఆలోచించాలి: బరువుకు తక్కువ డోసు వేశారా, కుక్క కక్కేసిందా, గడువు దాటిందా.

మందు వేసిన కుక్కను "పిడుదులు తగ్గేదాకా" అమ్మమ్మగారింటికి పంపే అలవాటు ఒకటుంది. చేయకండి. మందు ఒంట్లో ఉన్న కుక్క ఇంట్లో తిరిగితే, సందుల్లోంచి వచ్చి దాని మీదకెక్కిన ప్రతి పిడుదూ చస్తుంది. కుక్కను పంపేస్తే అవి ఆకలితో నెలలు కాచుకుంటాయి, లేదంటే మిమ్మల్ని కరుస్తాయి.

ఇంట్లో రెండు కుక్కలుంటే రెండింటికీ ఒకే రోజు వేయాలి. పెద్ద కుక్క టాబ్లెట్ కొని ముక్కలు చేసి చిన్నవాటికి పంచితే లెక్క తప్పుతుంది, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ పడుతుంది. మూర్ఛ వచ్చిన చరిత్ర ఉన్న కుక్కకు డాక్టర్ని అడక్కుండా ఈ జాతి మందులేవీ ఇవ్వొద్దు. వణుకు, తూలుడు, మూర్ఛ వచ్చే అవకాశం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించింది. చాలా కుక్కలకు ఏమీ కాదు, కానీ ఆ చరిత్ర ఉన్నవాటి సంగతి వేరు.

మాత్ర వద్దనుకుంటే ఫిప్రోనిల్ ఉంది. స్పాట్ ఆన్ పిప్పెట్ (చర్మం మీద పిండే చిన్న మందు గొట్టం) వాడేటప్పుడు భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి, చర్మం కనిపించాక పిప్పెట్ మూతిని చర్మానికి ఆనించి పిండాలి. వెంట్రుకల మీద పోస్తే అది వెంట్రుకలకే. ఈ మందు చర్మంలోని నూనెతో కలిసి ఒళ్లంతా పాకుతుంది, అందుకే వేయడానికి రెండు రోజుల ముందు, వేశాక రెండు రోజులు స్నానం చేయించకూడదు. షాంపూతో నూనె అంతా కడిగేసి అదే రోజు పిప్పెట్ పోసేవాళ్లే ఎక్కువ, తర్వాత మందు డూప్లికేట్ అంటారు.

ఫిప్రోనిల్ స్ప్రేలో ఇంకో తమాషా. 0.25% స్ప్రే డోసు కిలో బరువుకు 3 నుంచి 6 మి.లీ. 10 కిలోల కుక్కకు 30 నుంచి 60 మి.లీ. కావాలి. 100 మి.లీ. సీసా పంపు ఒక్క నొక్కుకు అర మి.లీ. మాత్రమే వదులుతుంది, అంటే 60 నుంచి 120 సార్లు నొక్కాలి. అందరూ వీపు మీద ఐదారు సార్లు నొక్కి, సీసా ఆరు నెలలు వస్తుందని సంతోషిస్తారు. నిజానికి ఆ సీసా ఒకటి రెండు, మహా అయితే మూడు సార్లకు అయిపోవాలి. చేతికి గ్లౌజులు వేసుకుని, బాల్కనీలోనో పెరట్లోనో, వెంట్రుకలకు ఎదురుగా కొడుతూ చర్మం దాకా తడిసేలా రుద్దాలి. మొహానికి నేరుగా కొట్టకుండా గ్లౌజు మీద వేసుకుని పూయాలి. ఆరేదాకా కుక్కను నాకనివ్వొద్దు, పొయ్యి దగ్గరకు రానివ్వొద్దు, అందులో స్పిరిట్ ఉంటుంది. రెండు రోజుల పిల్ల నుంచీ వాడొచ్చన్న పేరు దీనికుంది, కానీ అంత చిన్నవాటికి డోసు డాక్టరే చూడాలి. ఇంట్లో కుందేలుంటే దానికి మాత్రం ఫిప్రోనిల్ విషం.

పశువుల మందుల మాటకొస్తే, డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్, అమిత్రాజ్ చవకగా దొరుకుతాయి, పనిచేస్తాయి కూడా. ప్రమాదమంతా కొలతలో ఉంది. 12.5% అమిత్రాజ్ లీటరు నీటికి 2 మి.లీ. కలిపితే 0.025% అవుతుంది. "ఇంకొంచెం ఘాటుగా" అని మూతతో పోస్తే కుక్క మత్తుగా పడిపోతుంది, గుండె వేగం తగ్గుతుంది. ఇంజెక్షన్ సిరంజితో కొలవాలి, మూతతో కాదు. కలిపింది ఆ పూటే వాడాలి, మిగిలింది దాచుకోకూడదు. చిన్న కుక్కపిల్లలకు, షుగర్ ఉన్న కుక్కలకు అమిత్రాజ్ వద్దు. ఇక "పిడుదులకు ఇంజెక్షన్" అని పొడిచేది చాలాసార్లు ఐవర్‌మెక్టిన్. పిడుదుల మీద దాని పని అంతంతమాత్రం. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ లాంటి జాతుల్లో జన్యు లోపం ఉన్నవాటికి అది మెదడుకెక్కి ప్రాణం తీస్తుంది. పొడిపించుకునే ముందు మందు పేరు అడగండి.

పిల్లి ఉన్న ఇంట్లో పైన చెప్పిన లెక్కలన్నీ మారతాయి. పర్మెత్రిన్, డెల్టామెత్రిన్, అమిత్రాజ్ పిల్లికి విషాలు. కుక్కకు పోసిన పర్మెత్రిన్ స్పాట్ ఆన్‌ను పక్కన పడుకున్న పిల్లి నాకినా చాలు, వణుకు, చొంగ, మూర్ఛ వస్తాయి. అలా జరిగితే గిన్నెలు తోమే లిక్విడ్‌తో గోరువెచ్చని నీళ్లలో ఒళ్లు కడిగేసి నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. పిల్లికి పిల్లి మందే వాడాలి: పిల్లుల ఫిప్రోనిల్ పిప్పెట్, సెలామెక్టిన్ లాంటివి. ఫినాయిల్‌తో నేల తుడిచినా ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి, పాదాలకంటింది అది నాకేస్తుంది.

చేత్తో తీయడం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రోజూ చేయాల్సింది అదే. చెవి మడతల లోపల, వేళ్ల సందుల్లో, కాలరు కింద, చంకల్లో, గజ్జల్లో, తోక మొదట్లో, కంటి రెప్పల అంచున చూడాలి. సన్నని కొనున్న ట్వీజర్‌తో చర్మానికి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పట్టుకుని, మెలితిప్పకుండా, నెమ్మదిగా నిటారుగా లాగాలి. ఉబ్బిన పొట్ట పట్టి నొక్కితే దాని లోపలి సరుకంతా కుక్క ఒంట్లోకి పోతుంది. కిరసనాయిలు పోయడం, అగరుబత్తితో చురక పెట్టడం కూడా అలాంటి పనులే, కుక్క చర్మం కాలడం అదనం. నోరు విరిగి చర్మంలో ఉండిపోతే తవ్వకండి, అయోడిన్ పూసి వదిలేస్తే కొన్ని రోజుల్లో అదే బయటికొస్తుంది. తీసినవాటిని స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేయాలి. నలిపితే గుడ్లు చిమ్ముతాయని ఒక నమ్మకం. నలిపినప్పుడు వచ్చేది రక్తమే, గుడ్లు అది రాలాక కొన్ని రోజులకు పెడుతుంది. అయినా గోళ్లతో నలపొద్దు, అందులో ఉన్న క్రిములు మీ గోటి పగుళ్లలోకి పోతాయి. అన్నిటికన్నా తప్పు, తీసి కిటికీలోంచి విసిరేయడం.

ఇక ఇల్లు. కుక్క పడుకునే చోట మొదలుపెట్టి, చుట్టూ రెండు మూడు మీటర్ల మేర గోడనంతా టార్చి వేసి పైదాకా చూడండి. తాండూరు, కడప బండల ఇళ్లలో బండల కీళ్లు, మెట్ల కింద, ద్వారబంధాల పక్కన, చెక్క కెన్నెల్ పలకల మధ్య, మంచం కోళ్ల బిగింపుల్లో, సోఫా అడుగు గుడ్డ లోపల, గోనె సంచుల గుట్టలో దొరుకుతాయి. గుంపులుగానే ఉంటాయి, ఒకటి కనిపించిన చోట పది ఉన్నట్టే. వ్యాక్యూమ్ క్లీనర్ సన్న మూతితో సందులన్నీ లాగి, ఆ సంచిని వెంటనే కవరులో కట్టేసి బయట పారేయాలి. కుక్క పరుపు, దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతకాలి. చెక్క కెన్నెల్ ఉంటే తీసేయడమే మంచిది, దాని బదులు పెయింటు వేసిన ఇనుప మంచమో, ఉతికే పరుపో చాలు.

తర్వాత మందు కొట్టించడం. పెస్ట్ కంట్రోల్ వాళ్లు చాలామంది నేల మీద, స్కర్టింగ్ వెంబడి కొట్టి పదిహేను నిమిషాల్లో వెళ్లిపోతారు. అది బొద్దింకల పద్ధతి. పిడుదులకు గోడ సందులు, కిటికీ ఫ్రేములు, సీలింగు మూలలు, ఎలక్ట్రికల్ బాక్సుల చుట్టూ (కరెంటు ఆపి) సన్నని నాజిల్‌తో కొట్టించాలి. దగ్గరుండి చూపించండి. మామూలుగా వాడేవి డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి. గుడ్లను ఇవి నమ్మకంగా చంపవు, అందుకే రెండు వారాల తేడాతో కనీసం మూడు నాలుగు సార్లు కొట్టాలి. ఒక్కసారి కొట్టించి నెల తర్వాత "మళ్లీ వచ్చాయి" అనేవాళ్లు చూస్తున్నది మళ్లీ వచ్చినవాటిని కాదు, అప్పుడు గుడ్లలో ఉన్నవాటిని. ఈ మందులకు లొంగని పిడుదులు చాలా దేశాల్లో బయటపడ్డాయి కాబట్టి మూడోసారికీ తేడా లేకపోతే మందు రకం మార్పించండి. కొట్టేటప్పుడు జంతువులు, పిల్లలు బయట ఉండాలి. ఆరాక రావాలి. అక్వేరియం ఉంటే కప్పేసి ఎయిర్ పంపు ఆపాలి, చేపలకు ఇవి చుక్కల్లోనే విషం. చివర్లో వైట్ సిమెంటో వాల్ పుట్టీయో పెట్టి సందులు మూసేయండి. ఇది ఎవరూ చేయరు, కానీ ఏళ్ల తరబడి పనికొచ్చేది ఇదొక్కటే.

వేపనూనె రాస్తే కాసేపు వాసనకు దూరంగా ఉంటాయేమో, ఉన్నవి మాత్రం చావవు. వెల్లుల్లి పెట్టకండి, కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే కన్ను పోయేంత పని. టీ ట్రీ ఆయిల్ చిన్న కుక్కలకూ పిల్లులకూ విషం.

ఫ్లీలు అనే చిన్న పురుగుల సంగతి వేరే. గెంతుతాయి, రెక్కలుండవు, పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా ఉంటాయి. కుక్కల మీదా పిల్లుల మీదా కనిపిస్తాయి, మనుషుల్ని చీలమండల దగ్గర కుడతాయి. ఉన్నాయో లేదో తేల్చడం తేలిక. తోక మొదట్లో సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్లటి పొడిని తడి తెల్ల టిష్యూ మీద వేయండి. చుట్టూ ఎర్రగా ఊరితే అది ఫ్లీల రెట్ట, అంటే జీర్ణమైన రక్తం. ఊరకపోతే ఉత్త మట్టి. ఒక్క ఆడ ఫ్లీ రోజుకు 40, 50 గుడ్లు పెడుతుంది. అవి జంతువు మీద నిలవవు, తిరిగిన చోటల్లా రాలతాయి. ఇంట్లో మొత్తం ఫ్లీలలో కంటికి కనిపించే పెద్దవి దాదాపు 5 శాతమే, మిగతావి గుడ్లు, లార్వాలు, గూళ్లలో ఉన్న ప్యూపాలు. లార్వాలు వెలుతురుకు భయపడి కార్పెట్ అడుగుకు, సోఫా మడతలకు పోతాయి. పొడి గాలి వాటికి పడదు, అందుకే మే నెల ఎండల్లో తగ్గి వానల్లో విజృంభిస్తాయి.

ప్యూపా గూటిలోకి ఏ మందూ సరిగా దూరదు. నెలలు అలాగే ఉండి, అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి తగిలితే బయటికొస్తుంది. సంక్రాంతికి ఊరెళ్లి తిరిగొచ్చి తలుపు తీయగానే కాళ్ల మీదకి ఎగబడేవి అవే. అందుకే వ్యాక్యూమ్ రోజూ పెట్టాలి, మందు కొట్టించే ముందు కూడా. ఆ అదురుకు లేచి వచ్చినవే మందుకు దొరుకుతాయి. గుడ్లు, లార్వాలు ఎదగకుండా ఆపే పైరిప్రాక్సిఫెన్, ఎస్-మెథోప్రీన్ కలిసిన మందు వాడితే సగం పని తప్పుతుంది. పైన చెప్పిన చ్యూ టాబ్లెట్లు ఫ్లీల మీద ఇంకా తొందరగా పనిచేస్తాయి. మలద్వారం దగ్గర బియ్యపు గింజంత తెల్లటి ముక్కలు కదులుతూ కనిపిస్తే ఫ్లీలను మింగడం వల్ల వచ్చిన టేప్‌వార్మ్, దానికి ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు వేరుగా వేయాలి. ఫ్లీలు పోకుండా అది వేస్తే నెలకు మళ్లీ వస్తుంది.

ఇంత శ్రమ ఎందుకంటే పిడుదు తాగిన రక్తం కన్నా అది వదిలే క్రిములు ప్రమాదం. ఎర్లిషియా, బబేసియా, అనాప్లాస్మా. హెపటోజూన్ అనేది కరిస్తే కాదు, కుక్క తన ఒళ్లు కొరుక్కుంటూ పిడుదును మింగితే వస్తుంది. జ్వరం, అన్నం ముట్టకపోవడం, పాలిపోయిన చిగుళ్లు, ముక్కులోంచి రక్తం, పొట్ట చర్మం మీద ఎర్ర చుక్కలు, కాఫీ రంగు మూత్రం: వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే రక్తపరీక్షకు తీసుకెళ్లాలి. ప్లేట్‌లెట్ల లెక్కతో పాటు బ్లడ్ స్మియర్ (రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష) కూడా చూడమని అడగండి. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆసుపత్రుల్లో చూస్తారు. ఎర్లిషియాకు సాధారణంగా డాక్సీసైక్లిన్ 28 రోజులు. ఐదో రోజుకే కుక్క గంతులేస్తుంది, అప్పుడు మాత్ర ఆపేస్తే జబ్బు లోపల దాక్కుని నెలల తర్వాత ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. ఆ మాత్ర ఒట్టి కడుపున కాకుండా తిండితో వేసి, వెనకే నీళ్లు తాగించాలి, గొంతులో ఇరుక్కుంటే పుండు పడుతుంది. బబేసియాకు మందులు వేరు, అందులోనూ రకాన్నిబట్టి మారతాయి కాబట్టి "పోయినసారి వాడిందే" అని కొనుక్కోకండి. ఇంట్లో ఉన్న మనుషుల జ్వరం మాత్రలు అసలే వద్దు.

ఈ పిడుదు మనిషిని కరవడం అరుదే, కానీ కరిస్తే ఇండియన్ టిక్ టైఫస్ అనే జ్వరం వచ్చే అవకాశం ఉంది. ఇంట్లో పిడుదులున్న రోజుల్లో ఎవరికైనా జ్వరం, తలనొప్పి వచ్చి ఒంటి మీద, ముఖ్యంగా అరచేతుల్లో, అరికాళ్లలో దద్దుర్లు లేస్తే, కుక్కకు పిడుదులున్న సంగతి డాక్టరుకు మీరే చెప్పాలి. ఆయన అడగరు.